గిట్టదు అనని అంగడి

పెనుకొండలో ఆదిలక్ష్మమ్మను వెంటబెట్టుకోకుండా పెళ్లిచీరలు కొన్నవాళ్లు లేకపోలేదు. కొన్నారు, ఆ తర్వాత ఆమె కంటబడకుండా కొన్నాళ్లు వేరే వీధిన తిరిగారు. ఎదురుపడితే ఆమె తిట్టదు. చీర అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని "ఎంతకు తెచ్చినారు?" అని అడుగుతుంది. చెప్పింది విని "ఓహో" అంటుంది. అంతే. ఆ "ఓహో" కంటే చెంపదెబ్బ మర్యాదైనది.

అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, చింతగింజలా ఉంటుంది. వేరుశనగ వేసే భూములున్న ఇల్లు. ఆకలికి చేసే పని కాదిది. బేరానికి పిలిచినవాళ్ల దగ్గర చిల్లిగవ్వ పుచ్చుకోలేదు. ఆమెకు కావలసినవి వేరు. పోయేటప్పుడు జీపులో ముందుసీటు, అంగట్లో కుర్చీ, అడగకుండా వచ్చే టీ, తిరిగొచ్చాక ఆడవాళ్లంతా చేరి మంచం మీద చీరలు పరుచుకుని "ఇది ఆదిలక్ష్మమ్మ దించిన ధర" అనే ఒక్క మాట. గుడి కట్టించి కొందరు, ఎన్నికల్లో గెలిచి కొందరు పేరు తెచ్చుకుంటారు. ఈమెకు ఈ పేరు. అయినా పేరంటే ఏముంది, మనం లేనిచోట జనం మనకు కట్టే ధర.

ఆ విద్య ఆమెకు హిందూపురం చింతపండు మండీలో అబ్బింది. చిన్నప్పుడు నాయనతో బండి మీద బస్తాలపైన కూర్చుని పోయేది. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర మాట్లాడుకునేవారు. పైకి మాత్రం వానల సంగతులు, ఎవరింటి కోడలో అలిగి పుట్టింటికి పోయిన సంగతులు. జనమంతా ఆ తువ్వాలును గుచ్చిగుచ్చి చూసేవారు. పిల్ల మాత్రం ముఖాలను చూసేది. తువ్వాలు కింద ఏ వేలు నొక్కారో పైన కనురెప్ప చెప్పేస్తుంది. ఎవరికీ తెలియకుండా చేసే పని ఏదైనా ముఖం మీద దండోరా వేయకుండా ఉండదు.

కాపురానికి వచ్చాక ధర్మవరం దారి పట్టింది. అక్కడ ఎర్రప్ప అనే నేతగాడు ఆమెకు దొరికిన అసలైన జోడీ. ఆమె సగానికి అడిగేది, ఆయన మగ్గం గుంటలోంచి తలెత్తకుండా నవ్వేవాడు. ఆమె చీరకు వంక పెట్టేది, ఆయన ఆమె కంటిచూపుకు వంక పెట్టేవాడు. ఆమె లేచేది, ఆయన పిలిచేవాడు. ఇలా ఒక పూట గడిచేది. చివరికి ఎర్రప్ప భుజం మీది తువ్వాలు తీసి, ఒకసారి దులిపి, మళ్లీ వేసుకుని "గిట్టదు తల్లీ" అనేవాడు. అంతకుముందు అన్న గిట్టదులన్నీ మాటలు. తువ్వాలు దులిపాక అన్నది గోడ. దాని వెనక పట్టునూలు ఖర్చు ఉంటుంది, ఇంటిల్లిపాది రెక్కల కష్టం ఉంటుంది. ఆమె అక్కడితో ఆగిపోయేది. జాలితో కాదు, జాలి ఆమె దగ్గర దొరికే సరుకు కాదు. గోడ దాకా పోయి గోడను చేత్తో తాకి వచ్చినవాడు బేరగాడు, గోడకు తల బాదుకునేవాడు పిచ్చివాడు. ఆమెకు తెలిసిన శాస్త్రం ఇంతే.

నాలుగు ఊళ్లు తిరిగినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. కాశీలో పడవవాడు, కోల్‌కతాలో పాతపుస్తకాల వాడు, మదనపల్లె సంతలో టమాటా గంపలవాడు, అందరూ ఒకే బడిలో చదివారు. వెళ్లిపోతున్న మనిషిని వెనక్కి పిలవడం ఆ బడిలో మొదటి పాఠం. ధర వస్తువు మీద ఉండదు, ఇద్దరు మనుషుల మధ్య ఉంటుంది. దాన్ని అక్కడి నుంచి పీకి వస్తువుకు అంటించినవాడు నాగరికుడనిపించుకున్నాడు. పీకిన చోట ఏం మిగిలిందో చూడటానికి అతనికి తీరిక లేకపోయింది.

కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండకు హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు వచ్చాయి, నెలజీతాలు వచ్చాయి, ఆ జీతాల వాసనకు హిందూపురం షావుకారి అద్దాల అంగడి వచ్చింది. మూడంతస్తులు. హిందూపురంలో ఒకటి, ధర్మవరంలో ఒకటి, ఇక్కడ ఒకటి. షావుకారి తాత మూటలు మోసి, తండ్రి గద్దె మీద కూర్చుని, ఇద్దరూ జీవితమంతా బేరమాడి పెంచిన వ్యాపారం. ఇప్పటి షావుకారు బాలాజీకి బేరమంటే వెగటు. వింతేమీ లేదు. పేడ ఎరువుతో పండిన అన్నం తినేవాడు పేడను చూసి ముక్కు మూసుకోవడం లోకంలో ఉన్నదే. అతను బెంగళూరు నుంచి ధరలు పెట్టే సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. ప్రతి చీరకూ అగ్గిపెట్టెంత తెర, తెర మీద అంకె. ఎవరూ ముట్టుకోకుండానే ఆ అంకె మారుతుంది. అమ్మే పిల్ల ఏ చీర విప్పినా ముందు దాని చీటీని మిషనుకు చూపించి కీచుమనిపించాలి. ఎంతమంది చూశారు, ఎంతమంది కొన్నారు అనే లెక్క ఎక్కడో ఉన్న కంప్యూటరుకు పోతుంది. జనం ఎగబడి కొంటే అది ధర పెంచుతుంది, చూసి వదిలేస్తే తగ్గిస్తుంది. ఇంతమాత్రం తెలివి బస్టాండు ముందు వంకాయలమ్మే ముసలమ్మకూ ఉంది. ఆమెకు ఏసీ గది అక్కర్లేదు.

ఆదిలక్ష్మమ్మ తమ్ముడి కూతురు భాగ్యశ్రీకి పెళ్లి కుదిరింది. చీరలకు పోవాలి. ఇంటి ముందు జీపు ఆగి ఉండగా లోపలి నుంచి మాటలు వినబడ్డాయి.

"అత్త యాలమ్మా? ఆడ బేరం లేదు. మిషన్ ధర. చూసుకోని కార్డు గీకి వచ్చేదే," అంటోంది భాగ్యశ్రీ.

"నోరు ముయ్యే. వదిన లేకుండా పోతే ఊరు నవ్వుతాది," అంది తల్లి కౌసల్యమ్మ.

"నవ్వనీలే. ఆ ఊరు గూడా ఆన్నే కొంటాంది."

ఆదిలక్ష్మమ్మ విననట్టే జీపు దగ్గరకు నడిచింది. ముందుసీట్లో భాగ్యశ్రీ ఎక్కి కూర్చుంది. "వెనక కూసుంటే నాకు కడుపులో తిప్పుతాది అత్తా," అంది. ఆదిలక్ష్మమ్మ వెనక ఎక్కింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి డ్రైవరు వీపు చూస్తూ చీరలకు పోయింది.

అద్దాల అంగట్లో మెట్లెక్కి పైకి పోతే కుర్చీ లేదు. టీ లేదు. చల్లగాలి మాత్రం ఉచితం. ఫ్లోర్ మేనేజర్ సాయిప్రసాద్ మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. అతని నాయన సైకిలు మీద చీరల మూట కట్టుకుని కనగానపల్లి పక్క పల్లెలన్నీ తిరిగినవాడు. కొడుకు ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నెమలికంఠం రంగు, మామిడిపిందెల అంచు ఉన్న ధర్మవరం పట్టుచీర భాగ్యశ్రీ మనసుకెక్కింది. అమ్మే పిల్ల చీటీని కీచుమనిపించి విప్పింది.

"ఎంతప్పా?" అని అడిగింది ఆదిలక్ష్మమ్మ.

"తెర మీద ఉండాది చూడండమ్మా," అన్నాడు సాయిప్రసాద్.

"తెరను అడగలే. నిన్నడుగుతాండా."

"పద్దెనిమిది వేలమ్మా."

"తొమ్మిది."

ఈ మాటకు లోకంలో ఏ అంగడివాడైనా గుండె పట్టుకోవాలి, నవ్వాలి, కనీసం దేవుడి పటం వైపు చూడాలి. సాయిప్రసాద్ ఏమీ చేయలేదు. "బేరం లేదమ్మా. సిస్టం ధర," అన్నాడు.

"సిస్టమంటే ఎవురప్పా, మీ షావుకారి బామ్మర్దా? రమ్మను, మాట్లాడతా."

పక్కనున్న పిల్లలు కిసుక్కుమన్నారు. అతను నవ్వలేదు. ఆమె చీరను వెలుతురుకు పట్టింది. "జరీ చూడు, జ్వరమొచ్చినోడి మొగం మాదిరి ఉండాది."

"అవునమ్మా," అన్నాడు.

"అంచు వంకర పోయింది."

"అట్లనే ఉండాదమ్మా."

కత్తి దూస్తే ఎదుటివాడు కత్తి దూయాలి, పారిపోవాలి. ఇతను దోమ కుట్టినట్టు కూడా గోక్కోలేదు. ఇక మిగిలింది ఒక్కటే. ఆమె చీర వదిలేసి వెనుదిరిగింది. మెట్ల వైపు నడిచింది. బేరమాడేవాళ్లు వెళ్లిపోయేటప్పుడు వీపుతో వింటారు. వెనక గజంబద్ద కిందపెట్టిన చప్పుడు, గొంతు సవరించుకున్న చప్పుడు, చివరికి "అమ్మా, ఒక్క మాట" అనే కేక. ఆమె మొదటి మెట్టు దిగింది. నడిమి మెట్టు దిగింది. కింది మెట్టు మీద చెప్పు సర్దుకునే వంకతో నిలబడింది. పైన ఎవరికో ఇంకో చీర కీచుమంది. ఎవరూ పిలవలేదు.

భాగ్యశ్రీ వెనకాలే దిగి వచ్చింది. "చూసినావా అత్తా. పిలిచేటోళ్లు లేరు ఇంగ," అంది. ఎగతాళిగా అనలేదు. జాలిగా అంది. అది అంతకంటే నీచం.

"ఆ చీర నేను దించి నీ చేతిలో పెడతా," అంది ఆదిలక్ష్మమ్మ. "పెట్టలేకుంటే ఇంగ ఎవురి పెళ్లికీ అంగడి మెట్లెక్కను. సరేనా కౌసల్యా?"

కౌసల్యమ్మ కూతురి వైపు చూసి, నేల వైపు చూసి, తలూపింది. చీర కొనకుండా ఇంటికి వచ్చారు. ఆ సాయంత్రానికే ఆ పందెం వీధంతా పాకింది. పెళ్లిళ్ల కాలం ముందుంది. ఎవరింట్లో మాట వచ్చినా, ఆదిలక్ష్మమ్మను పిలవాలా వద్దా, ఆ చీర సంగతి తేలాక చూద్దాంలే అనుకున్నారు.

రెండు రోజులకు భాగ్యశ్రీ ఫోను మోగింది. అంగట్లో నంబరు అడిగి రాసుకున్నారు కదా, అక్కడి నుంచి మెసేజీ. మీకు నచ్చిన చీర మీ కోసం ఎదురుచూస్తోందట, ధర పదహారు వేలట. భాగ్యశ్రీ ఎగిరి గంతేసి అత్తకు చూపించింది. ఆదిలక్ష్మమ్మ ఫోనును దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. ముఖం మెల్లగా విప్పారింది.

"పిలస్తాంది," అంది.

"ఏందత్తా?"

"పిలస్తాందే ఇది. నోరు లేదు గానీ పిలస్తాంది. రెండు పొద్దులు ఆలస్యంగా పిలస్తాంది, మందబుద్ధిది."

ఈ సీమ ఆడవాళ్ల పద్ధతి ఆ బెంగళూరు సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పలేదు. ఇక్కడ నచ్చిన చీరను చూడగానే కొనడం సిగ్గులేనితనం. విప్పించాలి, భుజం మీద వేసుకోవాలి, పెదవి విరవాలి, పక్కన పెట్టాలి, వెళ్లిపోవాలి. చీర పక్కన పెట్టడం అంటే వద్దని కాదు, మాట మొదలైందని. మిషను మాత్రం వద్దన్నారని రాసుకుంటోంది. అంగడి తెరిచిన నాటి నుంచీ అది మంచి చీరల ధరలన్నీ తగ్గిస్తూ, ఎవరూ ముట్టుకోని చెత్తను పాతధరకే అట్టిపెడుతోందన్నమాట. లక్షలు పోసి కొన్న తెలివికి, అవ్వ మనవరాలికి ఊరికే నేర్పే సంగతి తెలియలేదు.

ఆదిలక్ష్మమ్మ పేట పేటంతా కదిపింది. ఆమె దించిన ధరకు పట్టు కట్టిన ఆడవాళ్లు వీధికి నలుగురున్నారు. ఉదయం ఒకరు, మధ్యాహ్నం ముగ్గురు. అందరూ నెమలికంఠం చీరే అడిగారు. కీచు. విప్పారు, వేసుకున్నారు, అద్దంలో చూసుకున్నారు, పెదవి విరిచారు, పెట్టేసి పోయారు. ఎవరికీ ఏమీ నేర్పనక్కర్లేదు, పుట్టుకతో వచ్చిన నటన. ధర పద్నాలుగైంది. పన్నెండైంది. హిందూపురం నుంచి బాలాజీ ఫోను చేసి, ఆ చీర చూపించడమే తప్ప అమ్మడం చేతకాదా అని సాయిప్రసాద్‌ను కడిగేశాడు. సాయిప్రసాద్ ఆడవాళ్లను చూస్తూ నిలబడ్డాడు. అతనికి ఎప్పుడో అర్థమైంది. మిషనుకు చెప్పడానికి దారి లేదు, యజమానికి చెప్పడానికి ధైర్యం లేదు.

ఆదివారం కౌసల్యమ్మ, భాగ్యశ్రీ, సగం వీధి ఆదిలక్ష్మమ్మ వెంట మెట్లెక్కారు. ఈసారి జీపులో ముందుసీటు ఆమెదే. చీర తీయించారు. తెర మీద ఎనిమిది వేలు.

"గెలిచినావు వదినా!" అంది కౌసల్యమ్మ. "తొమ్మిదడిగితివి, ఎనిమిదికి దిగింది."

ఆడవాళ్లు చప్పట్లు కొట్టినంత పని చేశారు. ఆదిలక్ష్మమ్మ మాత్రం చీర అంచు వేళ్లతో నలుపుతూ ఉండిపోయింది. ఆమె తొమ్మిదన్నది తొమ్మిదికి వస్తుందని కాదు. తొమ్మిదంటే పద్నాలుగు దగ్గర గోడ తగలాలి. ఇది గోడ దాటి, పునాది దాటి, బావిలో పడింది.

"ఏమప్పా, గిట్టుతాదా?" అని అడిగింది సాయిప్రసాద్‌ను.

"సిస్టం పెట్టిందంటే గిట్టినట్లే అమ్మా."

"నూలు దుడ్లు గూడా రావే దీనికి."

"నష్టం మాకు రాదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఈడ పడితే ధర్మవరంలో కొనే ధర గూడా అదే తగ్గిస్తాది. నేసేటోళ్లకు మెసేజీ పోతాది."

"మీకు నేసిచ్చే ఎర్రప్పకు గూడా మెసేజీ పోతాదా?"

"అందరికీ పోతాదమ్మా."

"ఆయప్ప గిట్టదంటే?"

"అనేదానికి బటన్ లేదమ్మా."

ఆదిలక్ష్మమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "పదకొండు రాయి," అంది.

"ఏందమ్మా?"

"పదకొండు వేలకు బిల్లు రాయి."

"రాయలేనమ్మా. తెర మీద ఎనిమిదుంటే ఎనిమిదే. బేరం లేదు."

"ఎక్కువిస్తాన్రా నాయనా!"

"ఎక్కువైనా బేరమే కదమ్మా."

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. భాగ్యశ్రీ సిగ్గుతో ఎర్రబడి, "అత్తా, పిచ్చా నీకు? కొనేయ్, మల్ల పెరుగుతాది," అంది. ఎర్రప్ప మీద ప్రేమ పొంగి ఆమె అలా అందని అనుకుంటే పొరపాటు. ఎర్రప్పను ముప్పై ఏళ్లు పిండిన చేయి అది. ఆమెకు మండింది వేరే. ఎదురు నిలబడేవాడు లేని గెలుపు గెలుపు కాదు. తలుపు తీసి ఉన్న ఇంట్లో దొంగతనం చేసినట్టుంది. ఈ ధరను పదిమందిలో చెప్పుకుంటే, ఎవరు దించారని అడిగితే, ఏమని చెప్పాలి? అరవై మంది పెదవి విరిచారని చెప్పాలా?

"మీరు కొనుక్కోండి," అంది. "నేను దిగుతాండా."

వాళ్లు కౌంటరు వైపు ఉరికారు. ఆమె ఒక్కతే మెట్లు దిగింది. ఈసారి వీపుతో వినలేదు. నడిమి మెట్టు మీద ఉండగా వెనక పరుగెత్తే బూట్ల చప్పుడు.

"అమ్మా! ఒక్క మాట!"

ఆదిలక్ష్మమ్మ ఆగింది, కానీ తిరగలేదు. సాయిప్రసాద్ ఆమె పై మెట్టు మీద నిలబడి రొప్పుతున్నాడు. మెడలోంచి గుర్తింపు కార్డు తాడు తీశాడు, దాన్ని ఒకసారి దులిపినట్టు ఆడించాడు, మళ్లీ మెడలో వేసుకున్నాడు. నాయన దగ్గర చూసిందేమో.

"గిట్టదమ్మా," అన్నాడు. "నాకు గిట్టదు. మీ ఆడోళ్లు చూసి చూసి పోతాంటే చూపించినాడు, అమ్మలేదు అని నా జీతంలో కోస్తాండారు. నిలపండమ్మా ఈ పని."

ఆమె అప్పుడు తిరిగింది. ముఖంలో ఎన్నాళ్ల దప్పికో తీరింది. "ఈ మాట ఆ పొద్దే అనుంటే ఇంత దూరం వస్తుండెనా?"

"ఏం గావాలో చెప్పండమ్మా."

ఇక్కడ ఆదిలక్ష్మమ్మ ఏదైనా అడగవచ్చు. ఎర్రప్ప ధర సంగతి అడగవచ్చు. షావుకారికి నాలుగు మాటలు చెప్పి రమ్మనవచ్చు. మనుషులకు అడిగే అవకాశం వచ్చినప్పుడు ఏం అడుగుతారో చూస్తే వాళ్ల కొలత తెలిసిపోతుంది.

"పిలువు," అంది.

"ఏందమ్మా?"

"నేను లేచి పోతాంటే పిలువు. గట్టిగా. అందరూ వినేట్ల."

"ధర?"

"ధర నీ మిషన్ చెప్పిందే చెప్పుకో. నాకేం."

"కుర్చీ గూడా వేయిస్తానమ్మా," అన్నాడు అతను, ఊపిరి తిరిగి. "టీ తెప్పిస్తా."

"సరే," అంది. ఒక్క మాటకు కూడా ఎదురు చెప్పలేదు. జీవితంలో బేరమాడకుండా ఆమె ఒప్పుకున్నది అదొక్కటే.

తళ్లికోట యుద్ధంలో రాజ్యం పోయాక దొరలు ఏనుగుల మీద బంగారం వేసుకుని ఈ పెనుకొండకే వచ్చారు. పోయిందంతా పోగా మిగిలిన దర్బారును మర్యాదలు తగ్గకుండా నడిపారు. వందిమాగధులు పొగిడారు, వింజామరలు వీచాయి. ఊరికి ఆ జబ్బు పాతదే.

ఇప్పుడు ఆదిలక్ష్మమ్మ లేకుండా అద్దాల అంగడికి పెళ్లివాళ్లు పోవడం లేదు. మిషను మధ్యాహ్నం ధరలు మారుస్తుంది. ఏది తగ్గబోతోందో సాయిప్రసాద్‌కు పొద్దున్నే తెలుస్తుంది. ఆమెకు కనుసైగ చేస్తాడు. ఆమె ఆ చీరనే తీయించి, కుర్చీలో కూర్చుని, జరీని తిట్టి, షావుకారి వంశాన్ని తిట్టి, సాయిప్రసాద్ ముఖాన్ని తిడుతుంది. అతను గుండె పట్టుకుంటాడు, దేవుడి పటం వైపు చూస్తాడు. బాగా చేస్తాడు, రక్తంలో ఉంది. భాగ్యశ్రీ పెళ్లిచీర కథను పెళ్లికొడుకు తరపువాళ్లు కూడా చెప్పుకుంటున్నారు. పదకొండిస్తానన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. ఎర్రప్పకు మెసేజీలు పోతూనే ఉన్నాయి. ధర్మవరం పోయిరావాలని ఆమె అంటూ ఉంటుంది, పోదు.

టీ చల్లారిపోతుంది. ఆమె ముట్టుకోదు. గడియారం ముళ్లు పన్నెండు మీద కలిసే వేళకు చీర విసిరేసి లేస్తుంది. మెట్లు దిగుతుంది. పైన తెర మీద అంకె మారుతుంది. ఆమె నడిమి మెట్టు మీదికి రాగానే, అనుకున్న ప్రకారం, అంగడంతా వినబడేలా కేక.

"అమ్మా! ఒక్క మాట!"

అక్కడ ఆగాలి, అదీ ఒప్పందం. ఆమె ఆగదు. ఇంకొక మెట్టు దిగుతుంది. నిజంగానే పోతుందేమోనని సాయిప్రసాద్ ప్రతిసారీ మెట్ల దాకా ఉరికి వస్తాడు. రెండోసారి పిలుస్తాడు. ఆ రెండో పిలుపు మాత్రం నటన కాదు. దానికోసమే ఆమె వస్తోంది.

అప్పుడు తిరుగుతుంది.